నాన్నగారు ఇంకా కారు నడపొచ్చా?

ప్రశ్న

మేడమ్, మాది తెనాలి. పెళ్లయ్యాక నేను హైదరాబాద్‌లో ఉంటున్నాను. నాన్నగారికి 74 ఏళ్లు, కాలేజీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. నలభై ఏళ్లుగా బండి నడుపుతున్నారు, మొదట స్కూటరు, తర్వాత కారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఎక్కడికి వెళ్లాలన్నా నాన్నగారి కారే. ఆయనకు 18 ఏళ్లుగా షుగర్ ఉంది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ వాడతారు. రాత్రిళ్లు నిద్ర మాత్ర వేసుకుంటారు. పోయినేడాది డాలస్‌లో ఉండే తమ్ముడు పాత కారు తీసేయించి ఆటోమేటిక్ కారు కొనిచ్చాడు. అప్పటి నుంచి గేటు స్తంభానికి రెండుసార్లు గీసుకుంది. సాయంత్రం పూట ఎదుటి బండి లైట్లు పడితే రోడ్డు కనిపించడం లేదని ఆయనే ఒకసారి అన్నారు.

రెండు నెలల క్రితం ఒక శనివారం అమ్మతో కలిసి మంగళగిరి పానకాలస్వామి దర్శనానికి వెళ్లారు. తిరిగొస్తూ, వందలసార్లు వచ్చిన దారిలో, తెనాలి వైపు తిరగాల్సిన చోట తిరగకుండా చాలా దూరం పోయారట. అమ్మ చెబుతుంటే కసురుకున్నారట. మొహమంతా చెమటలు. ఇంటికొచ్చి అన్నం తిన్నాక ఏమీ జరగనట్టు పేపరు చదువుకున్నారట. ఇదంతా అమ్మ నాకు నెల తర్వాత చెప్పింది, అదీ నాన్నగారిని అడగనని ఒట్టు పెట్టించుకుని.

ఫిబ్రవరిలో లైసెన్సు రెన్యువల్ ఉంది. "సర్టిఫికెట్ మన డాక్టరుగారు ఇచ్చేస్తారు" అంటున్నారు. తమ్ముడేమో "ఇక్కడ ఎనభై దాటినవాళ్లు కూడా నడుపుతున్నారు, ఆయన్ని బాధపెట్టకు" అంటాడు. మావారు కారు అమ్మేయమంటున్నారు. మతిమరుపు మొదలైందేమోనని నాకు ఒకటే టెన్షన్. కారు ఆపించాలా? ఆపించాలంటే ఆయనకు ఎలా చెప్పాలి?

- ఒక కూతురు, హైదరాబాద్

సమాధానం

అమ్మా,

ముందు ఒక్క మాట, మిగతాది తర్వాత చదువుకోండి. ఆ శనివారం దారిలో ఏం జరిగిందో డాక్టరు తేల్చేదాకా నాన్నగారు కారు తీయకూడదు. ఎప్పటికీ అని నేననడం లేదు, రెండు మూడు వారాల మాట. "షుగర్, కళ్లు ఒకసారి చూపించుకునేదాకా ఆగుదాం నాన్నగారూ" అంటే చాలు. అంతకు మించి ఇప్పుడే చర్చ పెట్టకండి. ఇక అమ్మగారికి మీరు వేసిన ఒట్టు తీసి గట్టు మీద పెట్టమని ఆమెనే అడగండి. ఆ రోజు పక్క సీట్లో కూర్చున్నది ఆమే. డాక్టరుకు చెప్పాల్సింది కూడా ఆమే.

ఆయన వయసు 74 అన్నదాన్ని బట్టి నేనేమీ తేల్చను. ముప్పై ఏళ్లకు పైగా జనరల్ ఫిజీషియన్‌గా ప్రాక్టీసు చేశాను. 78లో కూడా నిక్షేపంగా కారు నడిపేవాళ్లను చూశాను, 58కే స్టీరింగ్ వదిలేయాల్సి వచ్చినవాళ్లనూ చూశాను. కళ్లు, మెడ, పాదాలు, మెదడు, మింగే మాత్రలు - వీటిలో తేడా ఎక్కడ వస్తోందో విడివిడిగా చూడాలి. చాలావాటికి వైద్యం ఉంది. అదేదీ చూడకుండా ఆయన చేతిలోంచి తాళం లాక్కుంటే అన్యాయం. చూడకుండా వదిలేస్తే ఇంకా పెద్ద అన్యాయం, ఎందుకంటే ఎదురుగా సైకిల్ మీద వచ్చే పిల్లాడికి మీ ఇంటి సంగతులేవీ తెలియవు.

మీరు మతిమరుపు అని భయపడ్డ చోట నాకు మొదట తట్టింది వేరు. శనివారం, గుడి. మీ ఇంట్లో శనివారాలు ఉపవాసం ఉంటారా? దర్శనం అయ్యేదాకా ఏమీ తినకూడదని పొద్దున్న మాత్ర మాత్రం వేసుకుని బయల్దేరారా? గ్లిమెపిరైడ్ వేసుకుంటే మనం తిన్నా తినకపోయినా ఒంట్లో ఇన్సులిన్ ఊరుతూనే ఉంటుంది. టిఫిన్ పడకపోతే షుగర్ 70 కంటే కిందికి జారిపోవచ్చు. మెదడు నడిచేది గ్లూకోజు మీద. అది తగ్గగానే ముందు చెమటలు, వణుకు, ఆ తర్వాత చిరాకు, తికమక. తెలిసిన దారే తెలియనట్టు అనిపిస్తుంది, పక్కనున్నవాళ్లు చెబితే కోపం వస్తుంది. కడుపులో అన్నం పడగానే మనిషి మామూలైపోతాడు. అమ్మగారు చెప్పిన వరస అచ్చం ఇలాగే ఉంది.

అదేనని నేను ఇక్కడ కూర్చుని తేల్చి చెప్పలేను. చిన్నపాటి పక్షవాతం తాకి వెళ్లిపోయినా, గుండె కొట్టుకోవడంలో తేడా వచ్చినా ఇలాంటి తికమకే కలగవచ్చు. అందుకే రెండు నెలలైంది కదా అని వదలొద్దు. డాక్టరు దగ్గర "దారి తప్పారు" అని ఊరుకోకుండా ఆ రోజు పొద్దున్నుంచి ఏం తిన్నారు, మాత్రలు ఎన్నింటికి వేసుకున్నారు, చెమటలు ఎప్పుడు పట్టాయి, మాట తడబడిందా, మూతి గానీ చెయ్యి గానీ ఒక పక్కకు వాలిందా అన్నీ చెప్పండి. షుగరే కారణమైతే డాక్టరు మాత్ర మారుస్తారు, లేదా డోసు తగ్గిస్తారు. షుగర్ అంత తొందరగా పడిపోని మందులు ఇప్పుడు చాలా ఉన్నాయి. ఇంకో సంగతి. 18 ఏళ్లు షుగర్‌తో ఉన్నవాళ్లలో కొందరికి ఆ చెమటలు, వణుకు కూడా రావడం మానేస్తాయి. ముందు హెచ్చరిక ఏమీ లేకుండా నేరుగా తికమకలోకి వెళ్లిపోతారు. అలాంటివాళ్లు స్టీరింగ్ ముందు కూర్చోకూడదు.

బ్రిటన్‌లో ఇన్సులిన్ తీసుకునే డ్రైవర్లకు చెప్పే లెక్క ఒకటుంది, షుగర్ దించే మాత్రలు వాడే మనవాళ్లకూ అది పనికొస్తుంది. బయల్దేరే ముందు వేలు గుచ్చి చూసుకుంటే షుగర్ కనీసం 90 ఉండాలి. అంతకంటే తక్కువుంటే ఏదైనా తిని బయల్దేరాలి. దూరప్రయాణమైతే రెండు గంటలకోసారి మళ్లీ చూసుకోవాలి. దారిలో షుగర్ పడిపోతే బండి పక్కకు ఆపి, చక్కెరో గ్లూకోజో తిని, షుగర్ మామూలుకు వచ్చాక కూడా ఇంకో 45 నిమిషాలు కదలకూడదు. మెదడు కుదుటపడటానికి ఆ టైం కావాలి. కారులో గ్లూకోజు పొట్లం, బిస్కెట్లు అందే చోట పెట్టించండి. ఉపవాసం ఉన్న రోజు మాత్రం స్టీరింగ్ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి.

నిద్ర మాత్ర పేరు మీరు రాయలేదు. క్లోనజెపామ్ లాంటిదైతే దాని మత్తు పొద్దున్న కూడా కొంత ఉంటుంది. కాఫీ తాగి చురుగ్గానే ఉన్నామనుకుంటారు, కాలు మాత్రం అర సెకను ఆలస్యంగా బ్రేకు మీదికి వెళ్తుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఆ అర సెకనులో బండి దాదాపు 7 మీటర్లు ముందుకు పోతుంది, అంటే రెండు చిన్న కార్ల పొడవు. అలాగని ఆ మాత్ర మీరే ఆపించేయకండి. ఏళ్ల తరబడి వేసుకున్నది ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం, డాక్టరే మెల్లగా తగ్గించాలి. జలుబు మాత్రలు, దగ్గు సిరప్ వాడే రోజుల్లోనూ ఇదే జాగ్రత్త.

ఇప్పుడు గేటు స్తంభం సంగతి. రెండుసార్లు గీసుకుందన్నారు, ఏ వైపు? ఈసారి తెనాలి వెళ్లినప్పుడు, ఎవరూ లేని టైం చూసి, కారు చుట్టూ ఒకసారి నడవండి. బంపర్ మూలలు, తలుపుల కింది అంచు, అద్దం వెనక భాగం చేత్తో తడిమి చూడండి. పెయింటు రాసి కప్పేసిన గీతలు కంటికి అందకపోయినా వేలికి తగులుతాయి. గీతలన్నీ ఎడమ వైపే ఉంటే రెండు అర్థాలు రావచ్చు. మన కార్లలో స్టీరింగ్ కుడివైపు కాబట్టి ఎడమ అంచు దూరంగా ఉంటుంది, కొత్త కారు కొలత చేతికి రాకముందు ఎవరికైనా ఒకటి రెండు గీతలు పడతాయి. అది ఒకటి. రెండోది, ఎడమ వైపు చూపే తగ్గి ఉండటం. ఇంట్లో గమనించండి. నడుస్తున్నప్పుడు ఎడమ భుజం గుమ్మానికి తగులుతోందా? కంచంలో ఎడమ పక్కన వడ్డించిన కూర అలాగే మిగిలిపోతోందా? అలా ఉంటే కళ్ల డాక్టరుతో పాటు న్యూరాలజిస్టుకూ చూపించాలి.

కళ్ల పరీక్ష అనగానే అక్షరాల చార్టు చదివించి, అద్దాలు మార్చి పంపిస్తారు. మీరు అడిగి చేయించాల్సింది ఫీల్డ్ టెస్టు. నేరుగా ముందుకు చూస్తున్నప్పుడు పక్కలు ఎంతవరకు కనిపిస్తున్నాయో అందులో తెలుస్తుంది. గ్లకోమాలో, అదే నీటికాసుల్లో, పక్కల చూపు నొప్పి లేకుండా కొంచెం కొంచెంగా పోతుంది. చార్టులో కింది వరస కూడా చదివేస్తారు, పక్క సందులోంచి వచ్చే బైకు మాత్రం కనిపించదు. ఖాళీని మెదడు నింపేస్తుంది కాబట్టి కనిపించడం లేదన్న సంగతే వాళ్లకు తెలియదు. ఇన్నేళ్ల షుగర్ కాబట్టి రెటీనా, అంటే కంటి వెనకాల ఉండే పొర కూడా చూపించండి. గతంలో రెటీనాకు లేజర్ చేయించుకుని ఉంటే దానివల్ల కూడా పక్కల చూపు కాస్త తగ్గుతుంది, డాక్టరుకు ఆ మాట చెప్పండి.

ఎదుటి లైట్లు పడితే రోడ్డు కనిపించడం లేదన్నారు చూడండి, అది చాలా మటుకు శుక్లాల లక్షణం. అరవై దాటినవాళ్ల కంట్లో రెటీనా దాకా చేరే వెలుతురు ఇరవై ఏళ్ల కుర్రాడికి చేరేదానిలో దాదాపు మూడో వంతే ఉంటుందని చెబుతారు. దాని మీద శుక్లం కూడా ఉంటే హెడ్‌లైటు వెలుగు కంట్లో పొగమంచులా పరుచుకుంటుంది. దీనికి ఆపరేషన్ ఉంది. అది అయ్యాక "రాత్రిపూట రోడ్డు ఇంత తేటగా ఉంటుందా" అని ఆశ్చర్యపోయిన పేషెంట్లు నాకు చాలామంది ఉన్నారు. ఆపరేషన్ అయ్యేదాకా పొద్దు వాలాక కారు వద్దు. ఆ ఇబ్బంది గురించి ఆయనే నోరు తెరిచి చెప్పారు కాబట్టి ఈ షరతు ఒప్పుకుంటారనే అనుకుంటున్నాను.

ఆటోమేటిక్ కారు విషయంలో తమ్ముడు ప్రేమతో చేసిన పని గురించి కూడా కాస్త ఆలోచించాలి. పాత కారులో ఏళ్ల తరబడి ఎడమ కాలితో క్లచ్ తొక్కిన మనిషికి ఆ కాలు ఊరికే ఉండదు, కంగారులో క్లచ్ అనుకుని బ్రేకును గట్టిగా తొక్కేస్తుంది. పైగా ఆటోమేటిక్‌లో బ్రేకు మీంచి కాలు తీస్తే చాలు బండి పాకుతుంది. గేటు దగ్గర, ఇరుకు చోట, ఇదే ప్రాణం మీదికి తెస్తుంది. 2019 ఏప్రిల్‌లో టోక్యోలోని ఇకెబుకురో ప్రాంతంలో 87 ఏళ్ల మనిషి నడుపుతున్న కారు జీబ్రా క్రాసింగ్ మీదికి దూసుకొచ్చి ఒక తల్లి, మూడేళ్ల కూతురు చనిపోయారు. కారులోనే లోపం ఉందని ఆయన కోర్టులో వాదించారు. బ్రేకనుకుని ఆయన యాక్సిలరేటర్‌నే తొక్కారని కోర్టు తేల్చి, 2021లో అయిదేళ్ల జైలు శిక్ష వేసింది. పెడల్ పొరపాటు జరిగినప్పుడు తొక్కుతున్న మనిషికి తాను బ్రేకే తొక్కుతున్నాననే అనిపిస్తుంది. ఎప్పుడైనా నాన్నగారు "బ్రేకు సరిగ్గా పడలేదు", "బండి తనంతట తానే ముందుకు ఉరికింది" అన్నారేమో అమ్మగారిని అడగండి. ఒక్కసారి అన్నా తేలిగ్గా తీసుకోవద్దు. షుగర్ వల్ల అరికాళ్లు మొద్దుబారితే కూడా ఏ పెడల్ మీద కాలుందో తెలియదు. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియకుండా నాలుగడుగులు వేసేస్తున్నారా? అలాగైతే డాక్టరుతో పాదాల స్పర్శ పరీక్ష చేయించండి.

ఇవన్నీ అయ్యి, డాక్టరు సరేనన్నాక, అసలు పరీక్ష రోడ్డు మీద. మన దగ్గర తెనాలి లాంటి ఊళ్లలో పెద్దవాళ్ల డ్రైవింగ్‌ను కొలిచే ప్రత్యేక క్లినిక్కులు లేవు. నేను చెప్పే ఉపాయం ఏమిటంటే, మంచి డ్రైవింగ్ స్కూల్ మాస్టారితో గంట మాట్లాడుకోండి. వాళ్ల బండిలో పక్క సీటు ముందు కూడా బ్రేకు ఉంటుంది. పాత అలవాటున్న గేర్ల బండి ఎలా నడుపుతున్నారో మొదట అందులో చూడమనండి. అది బాగుంటే ఆయన కారులో, ఖాళీ మైదానంలో ఆటోమేటిక్ అలవాటు చేయించమనండి. "కొత్త కారు కదా నాన్నగారూ, ఒక క్లాసు పెట్టించుకుందాం" అంటే లెక్చరర్‌గా చేసిన మనిషి తప్పు పట్టరు.

ఆ తర్వాత మీరు పక్కన కూర్చుని మూడుసార్లు ప్రయాణం చేయండి. పొద్దున ఖాళీ రోడ్డు మీద ఒకసారి, మార్కెట్ రద్దీలో ఒకసారి, హైవే ఎక్కి దిగేలా ఒకసారి. నోరు మెదపకండి, ఫోను తీయకండి. కుడివైపు తిరిగేటప్పుడు చూడండి, ఎదురొచ్చే బండి ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంగా వస్తోంది అన్నది ఒకేసారి లెక్కగట్టాల్సిన చోటు అది. పెద్దవయసులో తడబాటు ముందు అక్కడే బయటపడుతుంది. స్పీడ్ బ్రేకర్ ముందే కనిపిస్తోందా, మీద పడ్డాకే తెలుస్తోందా? అద్దాలు మడిచే నడుపుతున్నారా? మెడ తిప్పి చూస్తున్నారా, లేక మెడ నొప్పికి హారన్ మీదే ఆధారపడుతున్నారా? వెనకవాళ్లు ఎందుకు హారన్ కొడుతున్నారో ఆయనకు అర్థమవుతోందా? రోడ్డు మధ్యకో అంచుకో తెలియకుండా జరిగిపోతున్నారా? ఇంటికొచ్చాక, మరిచిపోకముందే, ఒక కాగితం మీద చూసింది చూసినట్టు రాసుకోండి. "బాగా నడపలేదు" అని రాసుకుంటే రేపు ఆయనతో మాట్లాడటానికి పనికిరాదు. "బస్టాండ్ దగ్గర కుడివైపు తిరిగేటప్పుడు ఎరుపు బైకు చూడలేదు" అని రాసుకోవాలి.

అమ్మగారు వెనక కూర్చునే ప్రయాణం కూడా ఒకటి చేయండి. ఆమె ఎన్ని మాటలు అంటున్నారో లెక్కపెట్టండి. "ఆగండి, ఆటో వస్తోంది." "ఎడమ పక్క గోతి ఉంది." "సిగ్నల్ పడింది." ఇలా నిమిషానికోసారి అంటుంటే కారును ఇద్దరు కలిసి నడుపుతున్నట్టే లెక్క. ఆమె కళ్లు లేకపోతే ఆయన నడపలేరనిపిస్తే ఇక ఆయన నడపకూడదు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. ఇంకో ప్రశ్న మిమ్మల్ని మీరు వేసుకోండి. మీ పిల్లల్ని ఆయన కారులో, మీరు లేకుండా, గుంటూరు దాకా పంపిస్తారా? జవాబు చెప్పడానికి ఎంతసేపు తటపటాయించారో అది కూడా గుర్తుంచుకోండి.

మతిమరుపు మాట. పేర్లు గుర్తురాకపోవడం, కళ్లజోడు ఎక్కడో పెట్టి వెతుక్కోవడం లాంటివి డ్రైవింగ్‌కు పెద్ద అడ్డం కావు. షుగర్ బాగుండి, కడుపు నిండి ఉన్న రోజు కూడా తెలిసిన దారిలో తికమకపడితే, గ్రీన్ సిగ్నల్ దగ్గర ఊరికే ఆగిపోతే, ఏది ముందు చేయాలో తోచక బిగుసుకుపోతే న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాలి. గడియారం బొమ్మ గీసి పదకొండు గంటల పది నిమిషాలు చూపించమంటారు. 1 నుంచి 'ఎ'కి, 'ఎ' నుంచి 2కి, 2 నుంచి 'బి'కి గీతలు కలపమంటారు. అది మూడు నిమిషాల్లో పూర్తికాకపోతే డ్రైవింగ్ విషయంలో డాక్టర్లు అనుమానించాల్సిందే. ఒక్క పరీక్షతో ఎవరూ తీర్పు చెప్పరు. డిమెన్షియా తొలి దశలో ఉన్నవాళ్లు కొందరు కొంతకాలం నడపగలరు, వాళ్లను ఆర్నెల్లకోసారి మళ్లీ చూడాలి. ఆ దశ దాటితే మాత్రం ఆపేయాల్సిందే.

లైసెన్సు గురించి మీవాళ్లంతా పొరపాటు పడుతున్నారు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత 55 దాటినవాళ్లకు లైసెన్సు అయిదేళ్లకే ఇస్తారు. నలభై దాటినవాళ్లు రెన్యువల్‌కు ఫారం 1ఏ మీద డాక్టరు సంతకం తేవాలి. గడువు దాటి ఏడాదిలోపు వెళితే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు బండి నడిపి చూపించే పనే లేదు. అంటే ఆ ఒక్క కాగితమే జల్లెడ. ఆ కాగితాలు నేనూ సంతకం చేశాను. ఓపీలో నలభై మంది కూర్చుని ఉంటే, తెలిసిన మనిషి నవ్వుతూ కాగితం చాపితే, బీపీ చూసి సంతకం పెట్టి ఇచ్చేసిన రోజులున్నాయి. చేయకూడని పని చేశానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అందుకే చెబుతున్నాను, ఫిబ్రవరిలో ఆ సంతకం వచ్చినా ఆయన నడపగలరని దానర్థం కాదు. మీ డాక్టరుగారికి ముందే ఫోన్ చేసి, శనివారం సంగతి, స్తంభం సంగతి చెప్పి, "పూర్తిగా పరీక్ష చేసి, మీకు నమ్మకం కుదిరితేనే పెట్టండి" అనండి. ఆ ఫారంతో పాటు ఉండే డిక్లరేషన్‌లో స్పృహ తప్పడం, తల తిరగడం ఉన్నాయా, 25 మీటర్ల దూరంలో ఉన్న కారు నంబర్ ప్లేటు పగటి వెలుతురులో చదవగలరా అని అడుగుతారు. ఆ రెండోది మీరు ఇంటి ముందే చూసుకోవచ్చు. 82 అడుగులు టేపుతో కొలిచి, ఒక్కో కన్ను మూసి చదవమనండి. జబ్బు వల్ల నడపలేని స్థితి ఉందని నమ్మే కారణం ఉంటే లైసెన్సు రద్దు చేసే అధికారం మోటారు వాహనాల చట్టం 16వ సెక్షన్ కింద ఆర్టీవో ఆఫీసుకు ఉంది. మీ ఇంట్లో అంతదాకా రాదు, రానివ్వకూడదు కూడా.

తమ్ముడికి ఇది చదివి వినిపించండి. అతనుండే టెక్సాస్‌లోనే 79 దాటినవాళ్లు ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసుకోలేరు, స్వయంగా వెళ్లి కళ్ల పరీక్ష చేయించుకోవాలి. 85 దాటితే లైసెన్సు ఇచ్చేది రెండేళ్లకే. అక్కడ అతనికి కనిపించే ఎనభై ఏళ్లవాళ్లు ఆ జల్లెడ దాటి వచ్చినవాళ్లు. వాళ్లకు రాంగ్ రూట్లో బైకులు ఎదురురావు, రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉండవు.

ఇక ఎలా చెప్పాలన్నది. నా సంగతి ఒకటి చెబుతాను. మాది ఏలూరు. మా నాన్నగారు స్కూటరు మీంచి రెండుసార్లు పడ్డాక, మేం ముగ్గురం అక్కచెల్లెళ్లం ఒక ఆదివారం అందరి ముందు ఆయన్ని కూర్చోబెట్టి, తాళం తీసేసుకున్నాం. పడకుండా కాపాడాం, నిజమే. అప్పటిదాకా ప్రతి ఆదివారం పొద్దున్నే ఆయన స్కూటరు మీద వెళ్లి, ఇంటిల్లిపాదికీ పెసరట్లు కట్టించుకుని వచ్చేవారు. ఆ తర్వాత మేమే తెప్పించి ప్లేట్లో పెట్టి ఇస్తే, ఒక ముక్క తుంచి, "చల్లారిపోయిందమ్మా" అని పక్కన పెట్టేవారు. అదే హోటలు, అవే అట్లు, ఇంకా వేడిగానే ఉండేవి. కొన్నాళ్లకు ఆదివారాలు లేవడం కూడా ఆలస్యం చేశారు. ఆయన వెళ్లే లైబ్రరీ, సాయంత్రం స్నేహితులు, అన్నీ ఒక్కొక్కటే ఆగిపోయాయి. వెళ్లొద్దని మేం ఎవరం అనలేదు. ప్రతిదానికీ ఎవరో ఒకర్ని "కాస్త దింపుతావా" అని అడగడం ఆయన వల్ల కాలేదు, అంతే. డాక్టరునై ఉండి నాకు అది అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది.

అందుకని తాళం మాట ఎత్తేముందే బండి ఏర్పాటు చేయండి. తెనాలిలో యాక్టింగ్ డ్రైవర్లు దొరుకుతారు. వారంలో ఏ రోజుల్లో కావాలో ముందే మాట్లాడుకోండి. గుడికి శనివారం, బ్యాంకు పనికి ఒక రోజు, బంధువుల ఇళ్లకు ఆదివారం, ఇలా ఖాయంగా ఉండాలి. అతను రావడం మామూలైపోవాలి, నాన్నగారు పిలిచి అడగాల్సిన పని ఉండకూడదు. ఊళ్లో తిరగడానికి నమ్మకమైన ఆటో అబ్బాయితో నెలకింతని మాట్లాడండి, డబ్బులు మీరు పంపించండి, ప్రతిసారీ బేరం ఆడే పని పెట్టకండి. కారు కొనిచ్చిన తమ్ముడు డ్రైవరు జీతం కూడా సంతోషంగానే ఇస్తాడు, అడగండి. కారు అమ్మేయొద్దు. ఆయన కారు, ఆయన ముందు సీట్లో కూర్చుని, ఎటు పోవాలో ఆయనే చెబుతారు. జపాన్‌లో లైసెన్సు తమంతట తాము తిరిగిచ్చేసిన పెద్దవాళ్లకు ఒక సర్టిఫికెట్ ఇస్తారు, అది చూపిస్తే చాలా ఊళ్లలో బస్సు, టాక్సీ చార్జీల్లో రాయితీ ఉంటుంది. తీసుకున్నదానికి బదులు ఇంకోటి చేతిలో పెట్టాలన్న ఆ పద్ధతి నాకు నచ్చుతుంది.

మాట్లాడేది మీరొక్కరే. మీవారు, తమ్ముడు, వీడియో కాల్ ఏవీ వద్దు. పొద్దున్న కాఫీ వేళ, వరండాలో, ఇద్దరే ఉన్నప్పుడు. "వయసైపోయింది" అన్న మాట నోట్లోంచి రానివ్వకండి. కాగితం మీద రాసుకున్నదే చెప్పండి. "నాన్నగారూ, మొన్న బస్టాండ్ దగ్గర ఆ బైకు మీకు కనిపించలేదు. నాకు గుండె ఆగినంత పనైంది. మీకేమనిపించింది?" అని అడిగి ఊరుకోండి. ఆయన్ని మాట్లాడనివ్వండి. కోప్పడితే వినండి, వాదించకండి, మర్నాడు మళ్లీ మాట్లాడొచ్చు. చాలామందికి లోపల ఆ భయం ముందే ఉంటుంది, పైకి అనే వీలు మనం ఇవ్వం. లైట్ల సంగతి తనంతట తానే చెప్పిన మనిషి ఇది కూడా చెప్పవచ్చు. తాళం దాచేయడం, బ్యాటరీ తీయించి "బండి పాడైంది" అనడం లాంటివి చేయకండి. మతి పూర్తిగా తప్పి, ఏం చెప్పినా ఎక్కని స్థితిలో తప్ప ఆ పని తగదు.

పరీక్షలన్నీ బాగుండి, మాత్ర మార్చాక షుగర్ నిలకడగా ఉండి, రోడ్డు మీద కూడా మీకు భయం వేయకపోతే నాన్నగారిని నడపనివ్వండి. పగటిపూట, ఊళ్లో, తిన్నాక, వాన లేనప్పుడు. ఆర్నెల్లకోసారి మీరు మళ్లీ పక్కన కూర్చోండి. అలా కాక పక్క చూపు తిరిగి రాదని తేలినా, పెడల్స్ తారుమారవుతున్నా, డాక్టరు వద్దన్నా, ఒక్క రోజు కూడా వాయిదా వేయకండి.

అమ్మగారితో కూడా విడిగా కూర్చోండి. ఆమె నెల రోజులు దాచింది భర్త మీద ప్రేమతో ఒక్కటే కాకపోవచ్చు. కారు ఆగిపోతే తన గుడి, తన చెల్లెలి ఇల్లు కూడా ఆగిపోతాయని ఆమెకు తెలుసు. యాక్టింగ్ డ్రైవరు ఏ రోజుల్లో రావాలో ముందు ఆమెనే అడగండి.

రేపే ఫోన్ చేసి ఆ శనివారం ఏం తిన్నారో కనుక్కోండి. ఫీల్డ్ టెస్టు రిపోర్టు వచ్చాక, ఎడమ వైపు ఏం రాశారో నాకు ఒక్క ముక్క రాయండి.